సోమశిల యొద్ద కృష్ణానది

కొల్లాపురము దాటి సోమశిల చేరి, మిత్రులమందరము కృష్ణానదిని ప్రథమముగా చూచితిమి. ఆవలి నల్లమల కొండలు నీలిగీతవలె తోచెను. "ఇది సముద్రమా?" యని మాలో నొకడు విస్మయముతో నడిగెను.

మహాబలేశ్వరమున పుట్టిన యీ నది సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించును. ఇసుకను, గులకరాళ్లను దొర్లించుచు, కఠినశిలలను యుగములతరబడి యొరసి, కొండలనడుమ త్రోవ చేసికొనెను. కాని యిచ్చటి వైశాల్యము ప్రకృతి యొక్కదాని పని కాదు. దిగువను శ్రీశైలమున ఆనకట్ట కట్టుటచే నీరు వెనుకకు నిలిచినది. ఆ పనికి 1963లో శంకుస్థాపన జరిగెను. తరువాత పెక్కు గ్రామములు మునిగెను. సోమశిల దేవాలయములను మెరకకు తరలించిరి. వేసవిని నీరు తగ్గినప్పుడు మునిగిన సంగమేశ్వరాలయము నేటికిని బయలుపడును.

ఈ జలమే విద్యుత్తు నిచ్చును, పైరులను పండించును. కావున నది యందమును మెచ్చునప్పుడు, దానికై యిండ్లు విడిచినవారిని సైతము మనము తలచవలెను.