వానకారులో కొల్లేటి లంకలు

పాఠ్య పరిచయం: యాత్ర ముగిసిన తరువాత వ్రాసిన రచనలు మన సాహిత్యంలో పెక్కు ఉన్నాయి. యాత్రకు ముందు చేయవలసిన ఆలోచనను వస్తువుగా గ్రహించిన వ్యాసం ఇది. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల విద్యార్థులకు చేరువలోనే ఉన్న కొల్లేటి సీమ ఇందులోని రంగస్థలం.

‘లంక’ అనగానే మన మనస్సు రామాయణం వైపు పరుగెడుతుంది. కృష్ణా గోదావరుల నడుమ నివసించేవారికి మాత్రం లంక అంటే నీటి మధ్య తేలిన మెట్ట. పెనుమాకలంక, నందిగామలంక, ఆగడాలలంక, ప్రత్తికోళ్ళలంక: ఈ పేర్లు పలికినప్పుడే అక్కడి భూమి స్వభావం తెలిసిపోతుంది. కొల్లేరు అనే పేరుకూ ‘కొలను’ అనే మాటకూ చుట్టరికం స్పష్టంగానే కనిపిస్తుంది.

దీవుల యాత్ర అంటే పసిఫిక్ మహాసముద్రాన్ని తలచుకునేవారు ఉన్నారు. ఆ సముద్రంలోని ఫిజీ దీవులు తెలుగువారికి కొత్తవి కావు. 1903 నుండి మద్రాసు రేవు మీదుగా అక్కడి చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్ళిన దక్షిణాదివారిలో తెలుగువారూ ఉన్నారు. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నందువల్ల అక్కడి వానకాలం నవంబరులో మొదలై ఏప్రిల్ దాకా సాగుతుంది. మనకు మంచు కురిసే మాఘమాసంలో, 2016 ఫిబ్రవరి 20న, విన్‌స్టన్ తుపాను ఆ దీవులపై విరుచుకుపడి 44 మందిని బలిగొన్నది. కనుక ఫిజీకి పోదలచినవాడు ముందుగా అక్కడి వానకాలం ఎప్పుడో తెలుసుకోవాలి. కొల్లేటికి పోదలచినవాడికి ఆ ఒక్కటీ చాలదు. వాన ఎప్పుడు కురుస్తుందన్న దానితో పాటు ఎక్కడ కురుస్తున్నదో కూడా అతనికి తెలియాలి.

దీనికి కారణం కొల్లేటి అమరికలోనే ఉన్నది. రెండు మహానదుల డెల్టాల మధ్య ఏర్పడిన పల్లం ఇది. పడమటి నుండి బుడమేరు, ఉత్తరపు మెట్టల నుండి తమ్మిలేరు, రామిలేరు దీనిలోకి దిగుతాయి. తమ్మిలేరు ఏలూరు వద్ద రెండు పాయలుగా చీలి, పట్టణాన్ని ఇరువైపులా చుట్టి, సరస్సును చేరుతుంది. పొలాల నీటిని మోసుకొచ్చే మురుగు కాలువలు వీటికి అదనం. ఇన్ని ముఖాల వచ్చే నీటికి బయటపడే దారి ఒక్కటే, ఉప్పుటేరు. అది సుమారు 60 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. వాలు చాలా తక్కువ. సముద్రంలో పోటు ఉన్న వేళ ఆ కొద్దిపాటి ప్రవాహానికీ ఎదురు తగులుతుంది. ఈ ఉప్పుటేరును గురించి ఒక ఐతిహ్యం ఉన్నది. కొల్లేటికోటలో గజపతుల సేన తలదాచుకున్నప్పుడు, శత్రువులు సరస్సు నీటిని తగ్గించి కోటను పట్టుకోవడానికి ఈ కాలువను తవ్వించారట. అది చరిత్ర అవునో కాదో అటుంచితే, కొల్లేటి రహస్యమంతా నీరు బయటకు పోయే చోటనే ఉన్నదని ఆ కథ అల్లినవారికి బాగా తెలుసు.

కాబట్టి కైకలూరులో ఎండ కాస్తున్నా లంకల చుట్టూ నీరు పెరుగుతూ ఉండవచ్చు. 2024 సెప్టెంబరు మొదటి రోజులలో బుడమేరు గండ్లు పడి విజయవాడలోని పేటలను ముంచింది. ఆ నీరు తరువాతి దినాలలో కొల్లేటికి చేరింది. లంక గ్రామాల దారులు మునిగిపోయాయి. ఏలూరు నుండి కైకలూరు పోయే రహదారి మీదికి చినఎడ్లగాడి వద్ద నీరు ఎక్కింది. విజయవాడలో వాన వెలిసిన వార్త చదివి, ఇక భయం లేదని బయలుదేరినవాడు ఆ దారిలోనే చిక్కుకొని ఉండేవాడు. తాడేపల్లిగూడెం విద్యార్థులు దీనికి భిన్నమైన పొరపాటు పడే అవకాశం ఉన్నది. వారి ఊరి చేరువలో పొంగే ఎర్రకాలువ కొల్లేటిలో కలవదు. అది యనమదుర్రు కాలువగా మారి, భీమవరం మీదుగా సముద్రానికి పోతుంది. ఎర్రకాలువ శాంతించినంత మాత్రాన కొల్లేరు శాంతించినట్లు కాదు. యాత్రకు ముందు వారం రోజులు తమ్మిలేరు, బుడమేరుల వార్తలు చదవండి. ఆకాశాన్ని చూడడం ఆ తరువాతి పని.

ఇక నెల నిర్ణయం. నవంబరు, ఫిబ్రవరుల మధ్యనే కొల్లేరు చూడాలని అందరూ చెప్పే మాట. పక్షుల కొరకైతే అది నిజమే. కైకలూరును ఆనుకొని ఉన్న ఆటపాకలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లలను సాకే దృశ్యం శీతకాలానిదే. దూరదేశాల వలస పక్షులు వచ్చేదీ అప్పుడే. ఆషాఢంలో వాటిని వెదకబోతే నిరాశ తప్పదు. అయినా శీతకాలంలో మాత్రమే కొల్లేరు చూసినవాడు పక్షులను చూశాడే గాని సరస్సును చూడలేదని నా అభిప్రాయం. శ్రావణ భాద్రపదాలలో నాలుగైదు దినాలు తెరపి ఇచ్చినప్పుడు వెళ్ళండి. నిండిన నీటి మీద కిక్కిస పొదలు ఊగుతుంటాయి, తామరాకులు పరచుకొని ఉంటాయి, తాటి దోనెలో నిలబడి గడ వేస్తూ పోయే మనిషి దూరానికి నీటిలో నుండి మొలచినట్లు కనిపిస్తాడు. చిత్త, స్వాతి కార్తెలు మాత్రం వద్దు. అది మన తీరానికి తుపానుల కాలం.

దారి విషయం సులభమే. తాడేపల్లిగూడెం నుండి ఏలూరుకు రైలు, ఏలూరు నుండి దక్షిణంగా కైకలూరుకు బస్సు. ఈ రహదారి కొల్లేటి నడుమ నుండే పోతుంది కనుక ప్రయాణమే సగం యాత్ర. అయితే పోయిన దారినే తిరిగి రాగలమని నమ్మకూడదు. కైకలూరు గుడివాడ-భీమవరం రైలు మార్గంలో ఉన్నది. రోడ్డు మునిగితే భీమవరం చేరి, అక్కడి నుండి బస్సులో తాడేపల్లిగూడెం రావచ్చు. వెంట తీసుకుపోవలసిన వస్తువులను వ్రాస్తూ పోతే కొల్లేటి చాంతాడే అవుతుంది; త్రాగునీటిని మాత్రం మరువకండి. చుట్టూ నీరున్న లంకలలో త్రాగే నీటికే కొరత. పట్టణాల మురుగు, చెరువుల వ్యర్థాలు కలిసిన ఆ నీరు గొంతులో పోసుకొనేది కాదు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ ధరించాలి. దోనె నడిపే మనిషి “ఇవాళ వద్దు బాబూ” అంటే, ఎక్కువ డబ్బు ఆశ చూపి బతిమాలవద్దు.

పొంగిన కొల్లేటిలో పడవ విహార సాధనం కాదు. బియ్యం బస్తా, పురిటి నొప్పుల స్త్రీ, పరీక్షకు పోవలసిన పిల్లవాడు ఆ దోనెలోనే దాటాలి. వరద దినాలలో మనం కూర్చున్న చోటు వారిలో ఒకరిది. లంకల ప్రజలు పునరావాస శిబిరాలలో ఉన్నారని వార్త వచ్చిన వారంలో సరదా యాత్ర తలపెట్టడం నాకు అమర్యాదగా తోస్తుంది. టిక్కెట్టు డబ్బు పోయినా సరే, మానుకోవాలి.

వానలో కొల్లేరు చూసినవారికి మరొక సంగతి కూడా అర్థమౌతుంది. సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్లను ప్రభుత్వం 1999లో అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాలో చేరినప్పుడు గుర్తించిన విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. సరస్సు గర్భంలో వెలసిన చేపల చెరువుల గట్లను 2006లో తొలగించారు. హద్దు ఎక్కడ ఉండాలన్న తగవు మాత్రం తెగలేదు. ఆ చెరువుల మీద బతికిన కుటుంబాల కష్టమూ చిన్నది కాదు. కాగితం మీద గీత ఎక్కడున్నా, భాద్రపదంలో నీరు తన పాత హద్దును తానే వెదుక్కుంటూ వస్తుంది. ఏలూరు రోడ్డు గట్టు మీద నిలబడితే అది ఎంత దూరం వచ్చిందో కంటికి కనబడుతుంది.

దండి ‘దశకుమార చరిత్ర’లో మంత్రగుప్తుని కథ ఒక ఆంధ్ర నగరం చెంతనున్న మహా సరస్సు ఒడ్డున నడుస్తుంది. ఆ నగరం వేంగి అనీ, ఆ సరస్సు కొల్లేరే అనీ కొందరు పండితుల ఊహ. వేంగి ఏలూరు చేరువలోని నేటి పెదవేగి. సరస్సులో దిగిన రాజు తిరిగి రాడు. అతని స్థానంలో మంత్రగుప్తుడు వెలికి వస్తాడు. పెదవి గాయపడినందువల్ల అతడు ఈ కథనంతా ఓష్ఠ్యాక్షరాలు లేకుండా చెబుతాడు. పదమూడవ శతాబ్దిలో ఈ గ్రంథాన్ని తెనిగించి కేతన ‘అభినవ దండి’ అనిపించుకున్నాడు.

ప్రశ్నలు
1. కైకలూరులో వాన లేకపోయినా కొల్లేరు పొంగడానికి కారణాలు వివరించండి.
2. వరద దినాలలో లంకలకు విహారయాత్ర తగదన్న రచయిత అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? మీ వాదం వ్రాయండి.
3. మంత్రగుప్తుని వలె ప, ఫ, బ, భ, మ అక్షరాలు రాకుండా కొల్లేటిని గురించి మూడు వాక్యాలు వ్రాయండి.