పట్టాల పక్కన నడక: ఆరోగ్యమా? అపాయమా?

గుండెజబ్బు, చక్కెర వ్యాధి, రక్తపోటు ఉన్నవారికి వైద్యులు మందులతోపాటు నడకను కూడా సూచిస్తారు. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు, చురుకుగా నడవడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయితే ఎంతసేపు నడవాలన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ నడవాలన్నదీ అంతే ముఖ్యం.

లింగంపల్లి, చందానగర్, హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, బోరబండల మీదుగా వెళ్లే లైనులో 2003 ఆగస్టు నుండి ఎమ్మెమ్టీఎస్ రైళ్లు నడుస్తున్నాయి. దూర ప్రయాణపు రైళ్లు, గూడ్సు బండ్లు కూడా ఇదే దారిన వెళతాయి. వాహనాల రద్దీ లేదు కదా అని పట్టాల వెంట నడవాలనిపించవచ్చు. కానీ అది మంచిది కాదు.

ఎందుకు ప్రమాదం?

1. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు ఒక్క సెకనులో సుమారు 28 మీటర్లు దాటుతుంది. బ్రేకు వేసినా వెంటనే ఆగదు.
2. ఒక రైలు చప్పుడులో రెండో పట్టాపై వచ్చే రైలు వినిపించకపోవచ్చు.
3. వినికిడి తగ్గినవారు, తల తిరిగేవారు త్వరగా తప్పుకోలేరు. చక్కెర వ్యాధి వల్ల పాదాలు మొద్దుబారినవారికి కంకర రాళ్లు గుచ్చుకున్నా తెలియదు. ఆ చిన్న గాయమే పుండుగా మారవచ్చు.
4. అనుమతి లేకుండా పట్టాలపైకి వెళ్లడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం నేరం.

అమెరికాలో కొన్నిచోట్ల రైళ్లు తిరిగే లైన్ల పక్కనే నడక బాటలు నిర్మించారు. వాటిని పట్టాలకు ఎడంగా వేసి, మధ్యలో కంచె లేదా మరో అడ్డు ఉంచి, దాటడానికి నిర్ణీత స్థలాలు ఏర్పాటు చేస్తారు. ఈ రక్షణ ఏదీ లేని చోటు నడక బాట కాదు.

కుటుంబ సభ్యులు చేయవలసినవి

• ఇంటికి వెళ్లేముందే ఎన్ని నిమిషాలు నడవాలో, మెట్లు ఎక్కవచ్చో లేదో వైద్యుని అడగండి.
• మెట్లు ఎక్కలేని రోగి పాదచారుల వంతెన వదిలి పట్టాలు దాటాలని చూస్తాడు. అతనిని ఆటోలో రోడ్డు మార్గాన చుట్టూ తీసుకువెళ్లండి. ఆ కొద్ది ఖర్చుకు వెనుకాడకండి.
• దగ్గరలోని పార్కు, కొండాపూర్ బొటానికల్ గార్డెన్, దుర్గం చెరువు నడక బాట వంటి చోట్లను ఎంచుకోండి. అదీ కుదరకపోతే ఇంటి ఆవరణలోనే నడిపించండి.
• మొదటి రోజులలో తోడుగా వెళ్లండి. చెవిలో ఇయర్‌ఫోన్లు వద్దు.
• చక్కెర వ్యాధి ఉన్నవారి జేబులో గ్లూకోజు లేదా చక్కెర ఉంచండి. నడక తరువాత పాదాలు పరీక్షించండి.
• ఛాతీ నొప్పి, ఆయాసం, చెమటలు వస్తే వెంటనే కూర్చోబెట్టి 108కి ఫోను చేయండి.

శరీరం దేవుడు మనకు అప్పగించిన ఆలయం. మందు వేళకు ఇచ్చినట్లే, క్షేమమైన దారిలో నడిపించడం కూడా మన సేవలో భాగమే. దేవుడు మీ ఇంటిల్లిపాదికీ ఆరోగ్యం దయచేయును గాక.