పొలం కాగితాలు బీరువాలోనే ఉండనీ

పెద్దాపురం

చి. శ్రావణికి,


నువ్వు హైదరాబాదు నుంచి పంపిన కాలేజీ బ్రోచరూ ఫీజుల కాగితమూ అందాయి. రెండూ ఆసాంతం చదివాను. రెండేళ్ల ఎం.బి.ఏ.కి ఫీజు ఎనిమిది లక్షలు, హాస్టలూ మెస్సూ మరో రెండు. ఏలేరు కాలువ కింద ఉన్న అరెకరం అమ్మేద్దామని మీ నాన్న అంటున్నాడట. మీ అమ్మ ఫోనులో చెప్పింది. అమ్మకం మాట విన్నాక ఊరుకోలేక ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నిన్ను చదవొద్దనడానికి కాదమ్మా. మహారాణి కాలేజీలో నువ్వు బి.కాం. చదివిన తీరు చూశాను, ఎంత చదువైనా చదవగల పిల్లవి. ఆ చదువు బరువు ఎవరి మీద పడాలన్నదే నా బెంగ.

బ్రోచరు మొదటి పేజీలోనే "సగటు ప్యాకేజీ 6 లక్షలు" అని పెద్ద అక్షరాలతో వేశారు. నలుగురైదుగురికి పాతికేసి లక్షలొస్తే చాలు, మిగతావాళ్లకి నాలుగొచ్చినా సగటు పైకి లేస్తుంది. జీతాల వరసలో అందర్నీ నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లకి ఎంతొచ్చింది? ఉద్యోగం రానివాళ్లని లెక్కలో ఉంచారా, తీసేశారా? ఈ రెండూ అడుగు. ప్లేస్‌మెంటు లెక్కలు ఎలా చెప్పాలో అహ్మదాబాదు ఐఐఎం ఒక పద్ధతి పెట్టుకుంది. బయటి ఆడిటరు సరిచూశాకే ఆ నివేదిక బయటపెడతారు. మీ కాలేజీ దగ్గర అలాంటి కాగితం ఉంటే తెచ్చి నాకు చూపించు.

ఆ ఆరు లక్షలు నిజంగానే వచ్చాయనుకుందాం. అందులో కంపెనీ కట్టే పి.ఎఫ్. ఉంటుంది, అయిదేళ్లు పనిచేస్తే తప్ప రాని గ్రాట్యుటీ ఉంటుంది, ఏడాది చివర వస్తే వచ్చినట్టు అనుకోవలసిన బోనసు ఉంటుంది. చేతికి నెలకి నలభై వేలు వస్తే మంచిదే. ఇప్పుడు అప్పు సంగతి. పది లక్షలు పది శాతం వడ్డీకి తీసుకుని, ఆరు నెలలకోసారి రెండున్నర లక్షల చొప్పున కాలేజీకి కడితే, చదువు పూర్తయ్యేసరికి వడ్డీతో 11 లక్షల 25 వేలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకి దగ్గర దగ్గర 14,900. మొత్తం కలిపితే 17 లక్షల 80 వేల పైమాట. ఆ నెల వాయిదా, హైదరాబాదులో అద్దె, తిండి, బస్సు ఛార్జీలు పోగా నీకు మిగిలేది పది వేలు.

కాకినాడ ఆఫీసు వాళ్లు ఇస్తామన్న 18 వేల జీతాన్ని దీని పక్కన పెట్టి పోల్చి చూడు. ఇంట్లో ఉండి సామర్లకోట మీదుగా రోజూ వెళ్లి రావచ్చు. ఎం.బి.ఏ. చదివే రెండేళ్లలో నువ్వు వదులుకునేది 4 లక్షల 32 వేలు. ఫీజుల కాగితంలో ఈ అంకె ఎక్కడా ఉండదు, అయినా అది కూడా ఖర్చే. మొదటి రెండు మూడేళ్లూ ఎం.బి.ఏ. చదివిన శ్రావణి చేతిలో కంటే కాకినాడ వెళ్లొచ్చే శ్రావణి చేతిలోనే ఎక్కువ మిగులుతుంది. డిగ్రీ ఫలం ఉంటే గింటే అయిదో ఏడు తర్వాత, జీతం పెరిగే వేగంలో కనబడాలి. కాబట్టి నిరుడు చదువు పూర్తిచేసిన వాళ్లని అడిగి లాభం లేదు. అయిదారేళ్ల కిందట అదే కాలేజీ నుంచి వచ్చినవాళ్లు ఇప్పుడెక్కడున్నారో, ఎంత తీసుకుంటున్నారో వాకబు చెయ్యి. ఇది ఒక్కటీ తెలిస్తే సగం సందేహం తీరుతుంది.

ఇక నేను బ్యాంకులో ఉండి తెలుసుకున్న అసలు మాట. చదువుల అప్పు మామూలుగా ఏడున్నర లక్షల వరకూ ఆస్తి తాకట్టు లేకుండా ఇస్తారు. అంతకు మించితే పొలమో ఇల్లో అడుగుతారు. కానీ ఐఐఎంల లాంటి చోట సీటొస్తే ఇరవై లక్షలైనా తాకట్టు లేకుండా ఇచ్చే పథకాలు స్టేట్ బ్యాంకు దగ్గరే ఉన్నాయి. ఎందుకిస్తారు? ఆ కాలేజీ నుంచి వచ్చినవాళ్లు అప్పు తీరుస్తారని వాళ్ల అనుభవం. బ్యాంకుల దగ్గర కాలేజీల జాబితాలుంటాయి, వాటిలో తరగతులుంటాయి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం కూడా దేశం మొత్తం మీద 860 సంస్థలతోనే మొదలైంది. నువ్వు ఎంచుకున్న కాలేజీ ఏ జాబితాలో ఉందో బ్యాంకుకెళ్లి అడుగు. పొలం కాగితాలు తెస్తేనే ఇస్తామన్నారా, ఆ డిగ్రీ ఒక్కటే అప్పు తీరుస్తుందన్న నమ్మకం వాళ్లకి లేదన్నమాట. డబ్బులిచ్చే వృత్తిలో ఉన్నవాళ్లే నమ్మనిదాన్ని మీ నాన్న అరెకరం అమ్మి ఎందుకు నమ్మాలి?

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకో. అప్పు నీ పేరు మీదున్నా పక్కన సంతకం మీ నాన్నది. వాయిదా తప్పితే నోటీసు ఆయనకీ వస్తుంది, సిబిల్‌లో మచ్చ ఆయనకీ పడుతుంది. కూతురి వాయిదాల కోసం బ్రాంచికొచ్చి, నా ఎదురుగా కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడిపోయిన తండ్రులు నాకింకా గుర్తున్నారు. ఆ స్థితి మీ నాన్నకి రాకూడదు.

వ్యాపార చదువు దండగని నేను అనను. ఆంధ్రా యూనివర్సిటీలో 1957 నుంచే ఎం.బి.ఏ. ఉంది. ఐసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుని అక్కడ చదివితే నువ్వు చెప్పిన ఎనిమిది లక్షల్లో చాలా భాగం నీకే మిగులుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంటు సంగతి కూడా కనుక్కో. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77తో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకి దాన్ని ఆపేశారు, నువ్వు చేరే ఏడు నిబంధన ఎలా ఉంటుందో ముందే అడగాలి. విశాఖ ఐఐఎం 2015లో వచ్చింది, గంభీరంలో సొంత భవనాలున్నాయి. క్యాట్ రాసి అక్కడ సీటు తెచ్చుకో, అప్పు ఎంతైనా సరే నేనే పక్కన నిలబడి సంతకం పెడతాను. ఈ చదువుల ధర ఎలా పెరిగిందో కూడా చూడు. 2004లో ఐఐఎంల ఫీజు ఏడాదికి లక్షన్నర ఉంటే దాన్ని ముప్పై వేలకు తగ్గించమని అప్పటి కేంద్ర మంత్రి మురళీ మనోహర్ జోషి ఉత్తర్వు ఇచ్చారు. దేశమంతా రభసయ్యింది, ఆ ఉత్తర్వు నిలవలేదు. ఇప్పుడు అహ్మదాబాదులో రెండేళ్ల చదువు 20 లక్షలు దాటింది.

ముందు రెండేళ్లు పనిచెయ్యి. ఇది నా గట్టి అభిప్రాయం. మన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగం చేస్తూనే వారాంతాల్లో షికాగో వెళ్లి చదివి, 1997లో ఎం.బి.ఏ. పూర్తిచేశాడు. జీతం మానుకోలేదు. అందరికీ అంత వీలుండదు, నిజమే. కానీ పని తెలిసినవాడు క్లాసులో కూర్చుంటే చదువు వేరుగా ఎక్కుతుంది. నీ ముందు పుస్తకం తెరిచే ఉంది కూడా. మన ఊళ్లో పట్టు పంచె నేసే కుటుంబాన్ని వెళ్లి అడుగు: పట్టు దారం ఎవరిస్తున్నారు, అరువు ఎన్నాళ్లు, మజూరీ ఎంత, అదే పంచె హైదరాబాదు షోరూములో ఎంతకి అమ్ముతున్నారు. ఆ తేడా ఎవరి చేతుల్లో ఎంతెంత ఆగుతోందో గీసి చూడు. మన నేతగాళ్ల సొసైటీలకి లెక్కలూ అమ్మకమూ బాగా తెలిసిన మనిషి కావాలి, శ్రావణీ. అది నువ్వయితే నాకంతకంటే ఏం కావాలి?

అమెరికా మాట కూడా అన్నావట. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బి అర్జీకి లక్ష డాలర్ల రుసుమన్నారు. అక్కడే చదివి వీసా మార్చుకునేవాళ్లకి అది వర్తించదని తర్వాతి నెలలో చెప్పారు. నెల తిరిగేసరికి నిబంధన అటూ ఇటూ అయ్యే చోటికి పొలం అమ్మి వెళ్లడం నాకు ఇష్టం లేదు.

పెళ్లికి దాచిన డబ్బు చదువుకి పెడితే తప్పేంటని మీ అమ్మని అడిగావట. తప్పేమీ లేదు, మీ అమ్మతో నేనూ అదే చెప్పాను. ఆ డబ్బు నీ పేరున డిపాజిట్ చేయించు, నీకు నచ్చిన చోట సీటొచ్చినప్పుడు అది తీద్దాం. అప్పు తీసుకున్నా చాలా బ్యాంకులు ఆడపిల్లలకి అర శాతం వడ్డీ తగ్గిస్తాయి. చదివేటప్పుడే నెలనెలా వడ్డీ కట్టేస్తే ఇంకో శాతం వరకూ తగ్గే పథకాలున్నాయి. అడగనిదే ఎవరూ చెప్పరు.

మరిడమ్మ తీర్థానికి ఎలాగూ వస్తావు కదా. వచ్చేటప్పుడు కాకినాడ ఆఫర్ లెటరూ, ఆ కాలేజీ పాత విద్యార్థులు చెప్పిన జీతాల వివరాలూ పట్టుకురా. మీ నాన్నతో నేను మాట్లాడాను, నువ్వొచ్చేదాకా పొలం బేరం ఎవరితోనూ మాట్లాడనన్నాడు. కాలేజీకి అడ్వాన్సు మాత్రం ఈలోగా కట్టకు.

ఇట్లు,
మీ మావయ్య