కాలిపోయిన పట్టణమును మరల నిలుపుట

అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రపు ఉత్తరభాగములో, సియెర్రా నెవాడా పర్వతముల దిగువ కొండలపై పారడైజ్ అను పట్టణము కలదు. ఆ పేరునకు స్వర్గమని అర్థము. 2018వ సంవత్సరమున అందు సుమారు 26,000 మంది నివసించుచుండిరి. ఉద్యోగము చాలించుకొన్న వృద్ధులు, పెద్ద నగరములలో ఇల్లు కొనుటకు శక్తి చాలనివారు అచ్చటి జనములో ఎక్కువ. పట్టణ పాలక సంఘమున ఐదుగురే సభ్యులు. మన చిన్న గ్రామ పంచాయతీలలో ఉండునంతమందియే. ఒక్క ఉదయమున ఊరంతయు బూడిద కాగా, ఆ ఐదుగురు చేయవలసివచ్చిన పనులను గూర్చి మన పంచాయతీ సభ్యులకు తెలుపవలెనని మా ఉద్దేశము.

ఆ యేడు శరత్కాలపు వానలు ఆలస్యమైనవి. నవంబరు 8వ తేదీన తెల్లవారి ఆరున్నర గంటల వేళ, పుల్గా అను పల్లెకు దగ్గరలో, విద్యుత్ సంస్థవారి పురాతనమైన స్తంభముపై అరిగిపోయిన ఇనుప కొక్కెమొకటి విరిగెను. తీగ జారి, నిప్పురవ్వలు ఎండుగడ్డిపై రాలినవి. పెనుగాలి వీచుచుండుటచే గంటన్నరలో కార్చిచ్చు పట్టణమును చేరెను. 85 మంది మరణించిరి. వారిలో పెక్కురు వృద్ధులు. పారడైజులోను, చుట్టుపట్ల పల్లెలలోను 18,000కు పైగా కట్టడములు నాశనమైనవి. వానలు పడి మంట పూర్తిగా అదుపులోనికి వచ్చునప్పటికి నవంబరు 25వ తేదీ అయ్యెను. ఆ విద్యుత్ సంస్థ 2020వ సంవత్సరమున న్యాయస్థానములో తన నేరము నంగీకరించినది.

ఆపద వచ్చినచో ఏ పేట వారు ముందు, ఏ పేట వారు వెనుక పోవలెనో పాలక సంఘము పూర్వమే నిర్ణయించియుండెను. కాని నాడు అన్ని పేటలవారును ఒక్కసారే బయలుదేరవలసివచ్చెను. దారులు చాలలేదు. పెక్కు వీథులు ఒక కొస మూసుకొనిపోయినవి. హెచ్చరిక ఫోను ద్వారా వచ్చు ఏర్పాటుండెను గాని, ముందుగా పేరు నమోదు చేసికొననివారికి అది చేరలేదు.

ఇండ్లు కాలిన వెంటనే ఇండ్లు కట్టవలెనని ఎవరికైనను తోచును. పారడైజు అనుభవము మరియొక విధముగా నున్నది. అచ్చట మొదటి సంవత్సరమంతయు బూడిద ఎత్తుటకే పట్టెను. కాలిన ఇంటి బూడిదలో సీసము, ఆస్బెస్టాసు, రంగులు, మందులు మొదలగువాని విషము కలిసియుండును. కనుక మొదట ప్రమాదకరమైన వస్తువుల నేరివేసి, పిమ్మట శిథిలములను తొలగించి, పైమట్టిని కొన్ని అంగుళముల లోతున గీకి, మిగిలిన మట్టిని పరీక్షించిరి. ఇంటి యజమాని అనుమతి పత్రముపై సంతకము చేసినచో ప్రభుత్వమే ఉచితముగా ఈ పని చేయించెను. 2019 నవంబరు నాటికి 36 లక్షల టన్నులకు పైగా శిథిలములు తరలింపబడినవి.

ఈ పని నడుచుచుండగనే పాలక సంఘమునకు ఒక కఠినమైన పరీక్ష వచ్చెను. పట్టణము కాలిన తరువాత సభ్యులు పొరుగున నున్న చీకో నగరమున సమావేశమగుచుండిరి. తలదాచుకొనుటకు చోటు లేనివారు, మా స్థలములలో మేము పడక, వంట వసతిగల ట్రైలరు బండ్లను పెట్టుకొని యుందుము, అనుమతి నిండని వేడుకొనిరి. సంఘము అంగీకరించెను. కొందరు స్థలములకు చేరిరి. ఇంతలో కేంద్ర ప్రభుత్వాధికారులు, బూడిద తొలగింపని స్థలమున మనుష్యులు నివసించినచో, దాని తొలగింపునకు తామిచ్చు ధనము ఇయ్యజాలమని తెలిపిరి. ఆ ధనము 170 కోట్ల డాలర్లని అంచనా. స్థలము కాపురమునకు పనికిరానంత ప్రమాదకరమైనదను కారణముచేతనే గదా తొలగింపునకు ప్రజాధనము వెచ్చించుట. 2019 ఫిబ్రవరి మొదటి వారమున సంఘము తన అనుమతిని రద్దుచేసెను. సభలో జనులు ఏడ్చిరి, కోపించిరి. పోవుటకు మరియొక చోటు లేనివారిని వారి సొంత నేలనుండియే పొమ్మనవలసివచ్చెను. ఆ తీర్మానము సరియైనదేయని మా అభిప్రాయము. అయితే అనుమతి నిచ్చుటకు ముందే అధికారులను విచారించియున్నచో, పేదల కొక ఆశ చూపి తీసివేయు అవస్థ తప్పియుండెడిది.

ఇక నీటి సంగతి. మన పల్లెలలో వేసవియందు పాకలంటుకొన్నప్పుడు బావి మిగులును. పారడైజులో చెరువు మిగిలినది, నీరు శుద్ధిచేయు కేంద్రము మిగిలినది, కాని గొట్టములు చెడినవి. ఇండ్లు కాలి కొళాయిలు తెరచుకొనిపోగా గొట్టములలో నీటి ఒత్తిడి పడిపోయెను. అప్పుడు పొగయు, విషవాయువులును వానిలోనికి పీల్చబడినవి. ప్లాస్టిక్ గొట్టములు వేడికి కరిగినవి. నీటిని పరీక్షింపగా బెంజీన్ అను, క్యాన్సర్ కలిగించు ద్రవ్యము కనబడెను. కాచి త్రాగినచో పోవు దోషము కాదది. కాచినయెడల ఆవిరితో గాలిలో కలిసి ఊపిరితిత్తులకు చేరును. కావున త్రాగవద్దనియు, వంటకు వాడవద్దనియు ఆజ్ఞ వెలువడెను. నిలిచియున్న కొద్ది ఇండ్లవారును సీసాలనీరు, తొట్టెలనీరు తెచ్చుకొనవలసివచ్చెను. నీటి సంస్థవారు గొట్టములను వరుసగా పరీక్షించుచు, చెడినవానిని మార్చుచు, బాగైన స్థలములకు ఒక్కొక్కదానికి ఆజ్ఞను తొలగించుచు వచ్చిరి. ఇండ్లు లేనిచోట నీటిపన్ను కట్టువారెవరు? సంస్థ మూతపడకుండుటకు రాష్ట్ర ప్రభుత్వము ధనసహాయము చేయవలసివచ్చెను.

2019 ఆగస్టునందు ఉన్నత పాఠశాల తన సొంత ఆవరణలో మరల తెరువబడినది. ఊరంతయు బయలుగా నున్నను బడి తెరువగానే కొందరు తల్లిదండ్రులకు ధైర్యము కలిగినది.

నూతన గృహముల విషయమై పాలక సంఘము ప్రజలను సమావేశపరచి, వారి అభిప్రాయములను విని, 2019 జూనునందు ఒక దీర్ఘకాల ప్రణాళికను ఆమోదించెను. మంట గోడవలె వచ్చి ఇండ్లను కాల్చినదని జనులు తలచుట కద్దు. చాల ఇండ్లు గాలికి ఎగిరివచ్చిన నిప్పురవ్వల వలననే అంటుకొన్నవి. పైకప్పు నీటితొట్టిలోని ఎండుటాకులలో, అటుక కిటికీ సందులలో రవ్వలు పడినవి. ఒక ఇల్లు కాలుచు పొరుగింటిని కాల్చినది. 2008 నుండి అమలులోనున్న అగ్నినిరోధక నియమముల ప్రకారము కట్టిన ఇండ్లలో సుమారు సగము నిలిచినవనియు, అంతకుముందు కట్టినవానిలో ఐదింట ఒక్కటియైన నిలువలేదనియు ఒక వార్తాపత్రిక పరిశీలనలో తేలినది. ఇప్పుడు ఇంటిగోడనుండి ఐదడుగుల మేర కాలెడి వస్తువేదియు ఉండరాదని పట్టణ నియమము. గడ్డివామి ఇంటికి దూరముగా నుండవలెనని మన రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు గాని, అచ్చటివారికి ఇంటిగోడనంటి పొదలను పెంచుట అలవాటు. పొదలు తీయుట చాలమందికి కష్టముగానే తోచినది.

విద్యుత్ తీగలను భూమిలో వేయుచున్నారు. ఫోను లేనివారికిని వినబడునట్లు 2023వ సంవత్సరమున ఎత్తైన స్తంభములపై సైరనులు నెలకొల్పిరి.

విద్యుత్ సంస్థనుండి పట్టణ సంఘమునకు 27 కోట్ల డాలర్ల పరిహారము ఒప్పుదల అయ్యెను. దానిని ఒకేసారి కట్టడములపై వెచ్చింపక, పన్నులు రాని సంవత్సరములలో పాలన నడుపుటకై నిలువయుంచు పద్ధతి నవలంబించిరి. గృహములు కోల్పోయిన ప్రజలకు వేరుగా ఒక నిధి ఏర్పడినది. అందు సగము రొక్కముగాక ఆ సంస్థ వాటాల రూపమున నిచ్చుటచే, వాటాల ధర తగ్గినప్పుడు నిధియు తగ్గినది. పరిహారము ఆలస్యమై, పూర్తిగా అందలేదు.

2020వ సంవత్సరపు జనాభా లెక్కలలో పారడైజు జనసంఖ్య 4,764. తరువాత కొన్ని సంవత్సరములు అది కాలిఫోర్నియాలో అత్యంత వేగముగా పెరుగు పట్టణముగా లెక్కింపబడినది. ఐనను తిరిగివచ్చినవారు ఎవరు? సొంత స్థలమును, భీమాయును గలవారు. అద్దెకున్నవారికి కట్టుకొనుటకు నేల లేదు. చవుక ట్రైలరు వాడలలో నున్న వృద్ధులు చెదరిపోయిరి. చీకో నగర జనాభా కొలది వారములలో ఇంచుమించు 20,000 పెరుగగా, అచ్చటను అద్దెలు పేదలకు అందకపోయినవి. భీమా వెలయు ఇప్పుడు చాల హెచ్చినది. పాలక సంఘపు తీర్మానములకు లొంగని సమస్య ఇది.

పట్టణపు అంచులలో, అడవికిని ఇండ్లకును నడుమ, ఖాళీ భూములను కొని పచ్చికబయళ్లుగా నుంచుటకు అచ్చటి ఉద్యానవన సంస్థ పూనుకొన్నది. కాని బయలు పొలమైనను ఏటేట గడ్డి మొలచి ఎండును. కాలిఫోర్నియాలో అట్టి గడ్డిని, పొదలను తగ్గించుటకు మేకల మందలను అద్దెకు తెచ్చుకొను ఆచారము కలదు. మన రైతులు పొలములో మంద కట్టించుకొని, ఎరువునకు బదులుగా కాపరికి ధాన్యమిచ్చునట్లే, అచ్చట మేకలు మేసినందుకు మందవానికే కూలి ముట్టును.