ఫ్లూ మహమ్మారి వస్తే మన ఇల్లు సిద్ధమేనా?



రోగం వచ్చాక ఆసుపత్రికి పరుగెత్తడం అందరికీ తెలుసు. రోగం రాకముందే ఇల్లు చక్కబెట్టుకోవడం మాత్రం మనకింకా అలవాటు కాలేదు. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. అదే నెల 25 నుండి దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. మధ్యలో మిగిలినవి రెండు వారాలు. ఆ రెండు వారాల్లో ఏం చేయాలో తెలియక, కూలి డబ్బులతో పూట గడిచే ఇళ్లు ఎంత అల్లాడిపోయాయో మనమంతా చూశాం. మళ్లీ రాబోయేది ఫ్లూ మహమ్మారి కావచ్చునని శాస్త్రవేత్తలు ఏనాటి నుండో హెచ్చరిస్తున్నారు. ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. కనుక మన ఇళ్లు ఎలా సిద్ధపడాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ఫ్లూ మహమ్మారి అంటే ఏమిటి?

ఫ్లూ అనేది ఇన్‌ఫ్లుయెంజా వైరస్ వల్ల వచ్చే జ్వరం. ఏటా వచ్చే ఫ్లూ మన శరీరానికి కొంత పరిచయమైనదే. అయితే పక్షులలో, పందులలో ఉండే ఫ్లూ వైరస్‌లు ఒక్కోసారి కలగలిసి కొత్త రూపం దాలుస్తాయి. ఆ కొత్త వైరస్ మనిషి నుండి మనిషికి సులభంగా పాకితే, దాన్ని ఎదుర్కొనే శక్తి ఎవరి శరీరంలోనూ తగినంత ఉండదు. అప్పుడది దేశాలు దాటి మహమ్మారి అవుతుంది. 1918, 1957, 1968, 2009 సంవత్సరాలలో ఇలాగే జరిగింది. 2009లో మన దేశంలో మొదటి హెచ్1ఎన్1 కేసు బయటపడింది హైదరాబాదులోనే. కోళ్లకు వచ్చే బర్డ్ ఫ్లూ 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాలలో కనిపించింది. అది మనుషుల మధ్య సులభంగా పాకే రకం కాదు. అయినా వైరస్ మారే గుణం కలది కాబట్టి శాస్త్రవేత్తలు దానిమీద కన్నేసి ఉంచారు.

కొత్త ఫ్లూకు టీకా తయారై బయటికి రావడానికి సుమారు ఐదారు నెలలు పడుతుంది. ఆ తరువాత కూడా అది మన ఊరికి చేరాలి. అంటే మొదటి నెలల్లో మనల్ని కాపాడేది ముఖ్యంగా మన ఇంటి జాగ్రత్తే.

1918 చెప్పే పాఠం

1918లో ఈ వ్యాధి ఓడలలో వచ్చి బొంబాయి రేవులో దిగింది. అక్కడి నుండి రైళ్ల వెంట దేశమంతా పాకింది. మన దేశంలో కోటీ ఇరవై లక్షలకు తక్కువ కాకుండా చనిపోయారని అంచనా. 1921 జనాభా లెక్కల్లో దేశ జనాభా 1911 నాటికంటే తగ్గిపోయింది.

మనం గుర్తుపెట్టుకోవలసిన లెక్క మరొకటి ఉంది. బొంబాయి నగరంలో ఆనాడు ఐరోపా వారిలో వెయ్యికి సుమారు 8 మంది చనిపోతే, దళిత కులాల వారిలో వెయ్యికి సుమారు 61 మంది చనిపోయారు. ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఫ్లూకు మందు అప్పటికి దొరవారికీ లేదు, కూలివాడికీ లేదు. మరి ఇంత తేడా ఎందుకు వచ్చింది? గాలి ఆడని ఇరుకు గదులు, సరిపడా తిండి లేకపోవడం, మంచం పట్టిన మనిషికి గంజి కాచి ఇచ్చే దిక్కు కూడా లేకపోవడం. ఇది చనిపోయినవారి తప్పు కాదు. వారిని అలాంటి ఇళ్లలో ఉంచిన సమాజం తప్పు. అయితే గాలి, తిండి, సేవ అనే ఈ మూడింటిలో మన చేతిలో ఉన్నంత మేరకు మనం చేసుకోగలిగితే ప్రాణాలు దక్కుతాయని కూడా ఆ లెక్కే చెబుతోంది.

తిండి గింజల ఏర్పాటు

రెండు వారాలకు సరిపడా సరుకులు నిల్వ ఉంచుకోవాలని ఆరోగ్య పుస్తకాలు చెబుతాయి. మన ఇళ్లలో ఒకేసారి అంత కొనలేం. లెక్క వేసి చూద్దాం. మనిషికి రోజుకు 400 గ్రాముల బియ్యం చొప్పున ఐదుగురికి వారానికి 14 కిలోలు కావాలి. రోజూ వండే ముందు రెండు పిడికిళ్ల బియ్యం, అంటే ఇంచుమించు 100 గ్రాములు, వేరే డబ్బాలో వేస్తే నెలకు 3 కిలోలు అవుతాయి. ఐదు నెలలు తిరక్కముందే వారం రోజుల బియ్యం సిద్ధం. ఆ తరువాత రెండో వారం సంగతి చూసుకోవచ్చు. కొత్త బియ్యం వచ్చినప్పుడు పాతవి ముందు వాడుకుని కొత్తవి డబ్బాలో పోస్తే పురుగు పట్టదు. ఎండిన వేపాకు వేసినా మంచిదే. దీనితోపాటు కందిపప్పు, ఉప్పు, చింతపండు, నూనె, నాలుగు సబ్బులు ఉండాలి. ఒకే నెలలో అన్నీ కొనాలని అప్పు చేయవద్దు.

ఒకే గది ఇంట్లో రోగి

"రోగిని వేరే గదిలో ఉంచండి" అంటారు. ఉన్నదే ఒక గది అయితే? అప్పుడు ఇలా చేయవచ్చు.

1. కిటికీ, తలుపు వీలైనంతసేపు తెరిచి ఉంచాలి. వాతావరణం అనుకూలిస్తే రోగి మంచం వసారాలోనో, అరుగు మీదో, చెట్టు నీడనో వేయాలి. ఆరుబయట గాలికి వైరస్ చెదిరిపోతుంది.

2. లోపలే పడుకోవలసి వస్తే రోగిని కిటికీ దగ్గర ఉంచి, మధ్యలో పాత చీర తెరగా కట్టాలి. గాలికి అడ్డం కాకూడదు. పక్కన పడుకునేవారు రోగి తల ఉన్న వైపు తమ కాళ్లు పెట్టుకోవాలి.

3. సేవ చేసేది ఒక్కరే కావాలి. గర్భిణులకు, ముసలివారికి, షుగరు, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారికి ఆ పని అప్పగించరాదు. రోగి, సేవ చేసేవారు ఇద్దరూ మాస్కు పెట్టుకోవాలి.

4. రోగి కంచం, గ్లాసు, తువ్వాలు వేరుగా ఉంచాలి. సబ్బుతో కడిగితే చాలు, పారేయనక్కరలేదు. సేవ చేసినప్పుడల్లా 20 సెకన్లు సబ్బుతో చేతులు కడగాలి.

ఒక మాట. రోగికి దూరం పాటించడం వేరు, మనిషిని వెలివేయడం వేరు. ఆ తేడా మన వాడలకు ఎవరూ నేర్పనక్కరలేదు. గుమ్మం దగ్గర అన్నం, నీళ్లు పెట్టి పేరు పెట్టి పలకరించే ఇరుగుపొరుగు ఉంటే సగం జబ్బు నయమైనట్లే.

మందులు, ప్రమాద సూచనలు

ఫ్లూ సోకినవారిలో ఎక్కువమంది విశ్రాంతి, ద్రవాహారంతోనే కోలుకుంటారు. గంజి, మజ్జిగ, రాగి జావ తరచుగా ఇవ్వాలి. వాంతులు, విరేచనాలు ఉంటే ఓ.ఆర్.ఎస్. ఇవ్వాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపాలి. చెంచా తలకొట్టి కొలవాలి.

జ్వరానికి పారాసిటమాల్ వాడవచ్చు. పిల్లలకు మోతాదు బరువును బట్టి ఉంటుంది కనుక ఏ.ఎన్.ఎం.నో డాక్టరునో అడగాలి. జలుబు బిళ్లల్లో కూడా పారాసిటమాల్ ఉండవచ్చు. రెండూ కలిపి మింగితే మోతాదు మించి కాలేయానికి ప్రమాదం. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు. యాంటీబయాటిక్స్ వైరస్ మీద పనిచేయవు. జ్వరం రాగానే ఇంజక్షన్, సెలైన్ అడిగే అలవాటు మానాలి. ఫ్లూకు ఒసెల్టామివిర్ అనే మందు ఉంది. లక్షణాలు మొదలైన రెండు రోజుల్లోపు డాక్టరు సలహాతో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది.

ఆయాసం, ఛాతీలో నొప్పి, పెదవులు నీలబడడం, మాట తడబడడం, తగ్గిన జ్వరం మళ్లీ ఎక్కువై దగ్గు ముదరడం కనిపిస్తే ఇంట్లో ఉంచరాదు. పిల్లలు వేగంగా ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఏమీ తాగకపోయినా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

కాగితాలు, ఫోన్ నంబర్లు

రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ కార్డు, ఆధార్, బ్యాంకు పాస్ పుస్తకం ఒకే సంచిలో ఉంచాలి. 108, ఆశా కార్యకర్త, పి.హెచ్.సి., దగ్గరి ఆటో వారి నంబర్లు గోడమీద పెద్ద అక్షరాలతో రాయాలి. అక్షరాలు రాని అమ్మానాన్నలకు అంకెలు గుర్తుపట్టడం, ఫోన్‌లో నొక్కడం ముందే నేర్పాలి. బి.పి., షుగరు మందులు రెండు వారాలకు సరిపడా చేతిలో ఉంచాలి.

హాస్టల్ విద్యార్థుల బాధ్యత

డార్మెటరీలో ఒకరికి వచ్చిన ఫ్లూ పదిమందికి పాకడం ఎంతోసేపు పట్టదు. జ్వరం వస్తే దాచకుండా వార్డెన్ గారికి చెప్పాలి. జ్వరంతో బస్సెక్కి ఇంటికి పోరాదు. ఫ్లూ సోకిన తరువాత లక్షణాలు కనిపించడానికి ఒకటి నుండి నాలుగు రోజులు పడుతుంది. ఆ లోపే ఇతరులకు అంటించవచ్చు. కనుక హాస్టళ్లు మూసేసి మనల్ని ఇళ్లకు పంపితే, మొదటి నాలుగైదు రోజులు అవ్వా తాతలకు ఎడంగా బయట పడుకోవాలి. పుస్తకాలు మాత్రం ఇంటికి తప్పక తీసుకుపోవాలి. చదువు ఆగిన ఇంట్లో పిల్లలు పనుల్లోకి, ఆడపిల్లలు పెళ్లిళ్లకు పోయే ప్రమాదం ఉంది. అదీ మహమ్మారి చేసే నష్టమే.

ఇల్లు సిద్ధపడినంత మాత్రాన ప్రభుత్వ బాధ్యత తీరిపోదు. హాస్టల్ గదులకు కిటికీలు, కుళాయిల్లో నీళ్లు, చేతికి సబ్బు, పి.హెచ్.సి.లో మందులు ఉండాలని అడగడం మన హక్కు. అడగడానికి విషయం తెలియాలి. మనలో చాలామంది ఇళ్లలో మందు చీటీ చదవగలిగేది మనమే. ప్రభుత్వ ప్రకటనలో ఏముందో, ఊళ్లో పుట్టిన పుకారు ఏదో విడదీసి చెప్పవలసింది కూడా మనమే. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మూడు పనులు చేద్దాం. బియ్యం డబ్బా మొదలుపెడదాం. గోడమీద నంబర్లు రాద్దాం. రోగి మంచం ఎక్కడ వేయాలో ఇంట్లో అందరితో కూర్చుని నిర్ణయిద్దాం. ఈ మూడింటికీ పెద్దగా డబ్బు అక్కరలేదు. మహమ్మారి రాకపోతే ఆ బియ్యం మనమే వండుకు తింటాం, నష్టమేమీ లేదు.