కుక్కపిల్ల ఆకలికి కొలత: ఏడు అనుభవ పాఠాలు

కర్నూలులో, కడపలో ఇప్పుడు ఏ వీధికి పోయినా ఒక లాబ్రడార్ కనబడుతుంది. పల్లెల్లో గొర్రెల మంద వెంట తిరిగే కుక్కలు, వాకిట్లో పడుకునే నాటుకుక్కలు ఎప్పుడూ ఉన్నవే. జాతి ఏదైనా, పిల్లను తెచ్చుకున్నవాళ్లు నన్ను అడిగేది ఒకటే: “తాతా, ఎంత పెట్టినా తట్ట నాకుతానే ఉంది. ఇంకా పెట్టాల్నా?” 1876-78 నాటి మహా కరువు తొక్కిపోయిన సీమ మాది. ఆకలన్న నోటికి లేదనడం మాకు చేతకాదు. కానీ కుక్కపిల్ల దగ్గర నోటిని కాదు, డొక్కను నమ్మాలి.

1. అడిగిందల్లా ఆకలి కాదు.
ఈతలో ఐదారు పిల్లలుంటే గబగబా మింగినదానికే కడుపు నిండుతుంది. ఆ ఆత్రం మనింటికొచ్చాక కూడా పోదు. లాబ్రడార్‌లకు ఇంకో కారణం ఉంది. వాటిలో సుమారు నాలుగింట ఒకదానికి తిండి యావ పెంచే జన్యులోపం ఉందని 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. అట్లాంటి పిల్ల చూపుకు కరిగిపోతే పొద్దంతా పెడుతూనే ఉండాలి.

2. డొక్క తడిమి చూడండి.
వారానికోసారి అరచేతిని పక్కటెముకల మీద ఆనించండి. మెత్తగా నిమిరితే ఎముకలు వేళ్లకు తెలియాలి, కంటికి మాత్రం పొడుచుకొచ్చినట్టు కనబడకూడదు. పైనుంచి చూస్తే నడుము కొంచెం సన్నబడాలి. వేళ్లకు కొవ్వే తగిలితే తగ్గించండి, ఎముకలు తేలితే పెంచండి. అమెరికాలో ప్యూరినా సంస్థ 48 లాబ్రడార్‌లను ఎనిమిది వారాల వయసు నుంచి రెండు జట్లుగా పెంచింది. నాలుగో వంతు తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయని 2002లో ప్రకటించారు. కీళ్ల నొప్పులు కూడా వాటికి ఆలస్యంగానే వచ్చాయి.

3. పూటలు ఎక్కువ, పెట్టేది కొంచెం.
మూడు నెలల దాకా రోజుకు నాలుగు పూటలు, ఆరు నెలల దాకా మూడు, ఆ తర్వాత రెండు. రెండు నెలల వయసుండి మూడు కిలోలు తూగే పిల్లకు రోజుకు సుమారు 480 కిలోకేలరీలు కావాలి. పిల్లల కోసం చేసిన పొడి మేతలో 100 గ్రాములకు 350 నుంచి 400 కిలోకేలరీలుంటాయి. అంటే రోజుకు 120-135 గ్రాములు, పూటకు 30-35. పిడికిళ్లతో కాదు, త్రాసులో తూచి పెట్టండి. శిక్షణకని ఇచ్చే బిస్కెట్లూ ఈ లెక్కలోవే. పావుగంటలో తినకుంటే తట్ట తీసేయండి.

4. సంగటి కడుపు నింపుతుంది, ఒళ్లు పెంచదు.
రాగి సంగటి, జొన్నరొట్టె కొంచెం పెట్టొచ్చు. ఉత్త సంగటీ మజ్జిగతోనే పెంచితే పిల్ల మళ్లీ మళ్లీ అడుగుతుంది. ఎదిగే ఒంటికి మాంసకృత్తులు కావాలి కాబట్టి ఉడికించిన గుడ్డు, ఎముకల్లేని కోడి మాంసం కలపండి. ఆవుపాలు చాలా పిల్లలకు విరేచనాలు తెస్తాయి. వాటికన్నా పెరుగు కొంచెం నయం. పిల్లల మేత పెడుతూ కాల్షియం సిరప్ కూడా పోయొద్దు. పెద్ద జాతి పిల్లలకు దానితో ఎముకలు వంకరపోతాయి.

5. మన వంటింట్లోనే విషాలున్నాయి.
ఎర్రగడ్డలకు పేరుపడ్డ ఊరు కర్నూలు, కడప జిల్లాలో కృష్ణాపురం గడ్డ ఉండనే ఉంది. పచ్చిదైనా వండినదైనా ఎర్రగడ్డ కుక్క నెత్తుటిలోని ఎర్రకణాలను చంపుతుంది. కాబట్టి మిగిలిన కూర, పులుసు వెయ్యొద్దు. బూజుపట్టిన బుడ్డల్లో, చెక్కలో పుట్టే విషం కాలేయాన్ని కాల్చేస్తుంది. బేనీషా కాలంలో మామిడి టెంక మింగితే పేగులో అడ్డం పడుతుంది. వండిన కోడి ఎముకలు చీలికలై గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి.

6. బక్క ఒళ్లు, బాన కడుపు ఉంటే నులిపురుగులు.
ఈ పురుగులు తల్లి కడుపులోనే, పాలలోనే పిల్లకు చేరతాయి. అప్పుడు తిన్నదాంట్లో పురుగుల వాటా పోను మిగిలిందే పిల్లది. రెండు వారాల వయసు నుంచి మూడు నెలల దాకా పదిహేను రోజులకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి మందు వేయించాలి. మోతాదు పిల్ల బరువును బట్టి డాక్టరు చెప్పాలి. పెంట వెంటనే ఎత్తేయండి. ఈ పురుగులు ఇంట్లో పసిపిల్లలకూ అంటుకుంటాయి.

7. ఎక్కువ తినడం కన్నా తినకపోవడం ప్రమాదం.
మా ఎండ నలభై దాటిన రోజుల్లో మధ్యాహ్నం పూట తిండి తగ్గడం మామూలే. పెద్ద వంతులు పొద్దున్నే, చల్లబడినాక పెట్టండి. నీళ్లకు కొలత లేదు, ఎప్పుడూ నీడలో ఉంచండి. అయితే నిన్నటిదాకా తట్ట నాకిన పిల్ల ఒక్కసారిగా తిండి మానేసి, వాంతులు, నెత్తుటి విరేచనాలు పట్టుకుంటే అది పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు. గంటల్లో నీరసించి పోతుంది. తెల్లారనీ అని ఆగొద్దు, దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి తీసుకుపోండి. ఆరేడు వారాల వయసులో టీకాలు మొదలుపెట్టి, డాక్టరు చెప్పిన తేదీలకు తప్పకుండా పూర్తి చేయించినవాళ్లకు ఈ పరుగు చాలావరకు తప్పుతుంది.