హమాలీ, హమాలా

మన విశాఖ పోర్టులో, గోదాముల దగ్గర రోజూ వినే ‘హమాలీ’ మాటకు మూలం అరబీ క్రియ ‘హమల’. మోశాడు అని అర్థం. దివ్యఖుర్ఆన్‌లో ఒంటె మోసే బరువుకూ (యూసుఫ్ సూరా), తల్లి బిడ్డను కడుపున మోయడానికీ (లుఖ్మాన్ సూరా), ఆకాశాలూ భూమీ పర్వతాలూ మోయలేమన్న అమానతును మనిషి తలకెత్తుకోవడానికీ (అహ్‌జాబ్ సూరా) ఇదే ధాతువు.

దీన్నుంచే ‘హమాలా’ వచ్చింది. తగాదా తీర్చడానికి పరిహారం సొమ్ము తనమీద వేసుకోవడం హమాలా. అలా భారం నెత్తినేసుకున్న ఖబీసా (రజి) సాయం కోరి దైవప్రవక్త (స) దగ్గరికి వచ్చారు. సదఖా సొమ్ము వచ్చేవరకు ఆగమని, అందులోంచి ఇప్పిస్తామని ఆయన అన్నారు. అలాంటివారు ఆ భారం తీరేవరకు అడగవచ్చనీ చెప్పారు. ఇది సహీహ్ ముస్లింలోని హదీసు. తౌబా సూరా 60వ ఆయత్‌లోని 8 జకాత్ వర్గాల్లో అప్పులపాలైనవారూ ఉన్నారు.

పొరుగువారి ఆసుపత్రి ఖర్చుకు హామీ ఉండి, తీర్చలేక కుంగిపోయినవాడు మన మొహల్లాలో కనబడితే ‘కోరి తెచ్చుకున్నాడు’ అనకండి. బస్తా మోసేది హమాలీయే అయినా, దాన్ని వీపు మీదికి ఎత్తడానికి మరొకరి చేయి కావాలి. మనమిచ్చే జకాత్ ఆ చేయి కావాలి.